పేరు వద్దన్న సెనేటర్‌గారి పళ్ల క్లినిక్

గోడ మీద పేరు చెక్కించుకోవడానికి మించిన పుణ్యకార్యం ఈ భూమ్మీద లేదని నేను ఘంటాపథంగా చెబుతాను! కాదనేవాళ్లు మా పిస్కాటవే ఊరొచ్చి చూడండి.

సైమన్ లెవిన్‌థాల్‌గారు మా రాష్ట్ర సెనేటర్. యూదుడు, బాగా కలిగినవాడు, ఊరికి ఉపకారి. డెంటల్ ఇన్సూరెన్స్ లేని స్టూడెంట్స్ నొప్పి మాత్రలతో నెట్టుకొస్తున్నారని విని, ఉచిత క్లినిక్ కట్టించి మా తెలుగు సంఘం చేతిలో పెట్టారు. ఒకటే షరతు. తన పేరు ఎక్కడా కనిపించకూడదు. ఇచ్చిందెవరో తెలియకపోతేనే పుచ్చుకున్నవాడు తలెత్తుకు తిరుగుతాడని వాళ్ల నాయనమ్మ చిన్నప్పుడే నూరిపోసిందట. ఎన్నికల్లో నిలబడే మనిషికి ఇదేం జబ్బండీ!

మా ప్రెసిడెంట్ రఘువీర్ బెంబేలెత్తిపోయాడు. "పేరొద్దంటే ఎలా అండీ? శాలువాలు ఆల్రెడీ ఆర్డర్ చేసేశాం!"

తెలుగువాడి బుర్రకు తట్టని ఉపాయం ఉంటుందా? ప్రారంభోత్సవం రోజున అజ్ఞాత దాత తరఫున రఘువీరే శాలువా కప్పించుకున్నాడు. మాజీ ప్రెసిడెంట్లు పదకొండు మందీ తలా ఒకటి కప్పించుకున్నారు. గోడ బోసిగా ఉంటే దాతకు అవమానం కాదూ? అందుకని గుమ్మం పక్కన నేల నుంచి సీలింగ్ దాకా కమిటీల వాళ్ల పేర్లన్నీ ఇత్తడి అక్షరాల్లో బిగించాం. సమోసాల కమిటీకి ప్రత్యేక వరుస!

సెనేటర్‌గారు వెనక వరుసలో కూర్చుని ఇదంతా చూశారు. నిజం చెప్పొద్దూ, ఆయనకు హాయిగానే ఉంది. అన్ని పేర్లలో తనది లేదు. ఆయన కోరుకున్నదీ అదే కదా!

అంతలో కృతి అనే ఎమ్మెస్ అమ్మాయి వాచిన బుగ్గతో వచ్చింది. శాలువా లేదు కాబట్టి ఆయన్ని అక్కడి ఉద్యోగి అనుకుని ఇంగ్లీషులో అడిగింది.

"సర్, డాక్టర్ ఏ రోజు ఉంటారు? గోడంతా చూశాను, టైమింగ్స్ ఎక్కడా లేవు."

ఆయనా గోడంతా వెతికారు. ముఖం వాడిపోయింది. పళ్లు పీకడానికి కట్టించిన చోట పంటి ఊసే లేదు! వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేసి కనుక్కున్నారు. జేబులోంచి కాగితం తీసి, "సోమ, బుధవారాలు, తొమ్మిది నుంచి అయిదు, అందరికీ ఉచితం" అని రాసి, ఖాళీ చోటెక్కడా లేక ఇత్తడి అక్షరాల మీదే అంటించారు. కింద సంతకం చేయలేదు.

ఆ కాగితం పది నిమిషాలు ఉంది. తరవాత ఎవరో పీకేశారు. పిల్లలు ఇప్పటికీ మంగళవారం వచ్చి, తాళం చూసి, బుగ్గ పట్టుకుని వెళ్లిపోతున్నారు.

పీకినవాడికి మనసు లేదంటారా? తొందరపడకండి. గోడంతా ఉండగా ఆయన సరిగ్గా నా పేరు మీదే అంటించాలా, మీరే చెప్పండి!