డి కోసం కూర్చున్న బొద్దక్క

బొద్దక్క ఆ రోజు పొద్దున అనుకున్నది చాలా చిన్న పని. పదిన్నరకు ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని బయటికి వెళ్లాలి. ఎండ ఉన్నచోట వేసుకుని, చేతులకూ కాళ్లకూ అరగంట ఎండ తగలనిచ్చి, లేచి రావాలి. అంతే. దీనికి ఎవరి సాయమూ అక్కర్లేదు. ఎవరి సాయమూ అక్కర్లేని పనులే ఆమె ఈమధ్య చేస్తూ వస్తోంది.

కడుపు చిన్నది చేసే ఆపరేషన్ అయి ఏడాదిన్నర దాటింది. అంతకుముందు ఆమె బరువు నూట పద్దెనిమిది కిలోలు. అందులో నలభై ఆరు కిలోలు పోయాయి. వాటితోపాటు పేరు కూడా పోయింది. ఎదురుగా సన్నగా నిలబడ్డ మనిషిని పట్టుకుని "బొద్దక్కా" అనడానికి కాలనీవాళ్లకు నోరు రాలేదు. కొత్త పేరు పెట్టేంత తీరిక ఎవరికీ లేదు. అందుకని ఏమీ పిలవకుండా ఊరుకున్నారు.

అంతకన్నా పెద్ద నష్టం భోజనం దగ్గర వచ్చింది. పూర్వం ఎవరింట్లో ఏం వండినా ముందు ఆమెకే కబురు వెళ్లేది. ఆమె తింటూంటే వండినవాళ్ల కడుపు నిండేది. ఇప్పుడు మూడు చెంచాలు తినేసరికి గొంతు దాకా వస్తుంది. మూడు చెంచాల మనిషిని పిలిచి ఎవరు మాత్రం ఏం చేసుకుంటారు? సొంత వదినే ఫోన్ చేసి, "నువ్వెలాగూ తినవు కదా, అంత దూరం రావడం ఎందుకులే," అంది. ప్రేమగానే అంది. ఆ తర్వాత ఫోన్ కూడా చేయలేదు.

ఆమె ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు బిగుతు చేస్తుంది, వదులు చేస్తుంది. వచ్చినవాళ్లు గుమ్మంలోనే సంచీ అందించి, గుమ్మంలోనే తీసుకుని వెళ్లిపోతారు.

ఆపరేషన్ అయిన కొత్తలో మాత్రలన్నీ శ్రద్ధగా వేసుకుంది. ఒళ్లు తేలికపడ్డాక, బాగానే ఉన్నాను కదా అని మానేసింది. వేసుకున్నావా అని అడిగేవాళ్లు లేరు. కొన్నాళ్లకు కాళ్ల ఎముకలు లోపల్నుంచి సలపడం మొదలైంది. మిషన్ ముందునుంచి లేవాలంటే గోడ పట్టుకోవలసి వచ్చేది. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, విటమిన్ డి కనీసం ఇరవై దాటాలని, ఆమెకు తొమ్మిదే ఉందని చెప్పింది. కడుపు చిన్నదయ్యాక తిన్నదానిలోంచి డి సరిగా ఒంటికి పట్టదట. మాత్రలు జన్మంతా వేసుకోవాలట, డి మాత్ర మాత్రం మధ్యాహ్నం అన్నంతోపాటు. రోజూ కాసేపు ఎండలో కూర్చోవాలట.

"ఆరు వారాల్లో మళ్లీ చూస్తాను. ఇలాగే ఉంటే మాత్రం, ఎముక విరగడానికి మీరు కింద పడనక్కర్లేదు," అంది డాక్టరమ్మ.

బొద్దక్కను భయపెట్టింది విరగడం కాదు. తలుపుకు లోపల గడియ ఉంటుంది. విరిగితే ఆ గడియ ఎవరు తీస్తారు?

ఆమెది బి బ్లాకు, కింది వరసలో పన్నెండో నంబరు ఇల్లు. పొద్దున సి బ్లాకు నీడ, సాయంత్రం ఏ బ్లాకు నీడ ఆ ఇంటి మీదే పడతాయి. కాలనీ అంతా తిరిగి చూస్తే, పదిన్నర వేళ నేల మీద ఎండ పడేది ఒక్కచోటే కనిపించింది. కాలనీ ఆఫీసు ముందు, సరిగ్గా మేనేజరు కిటికీకి ఎదురుగా. కుర్చీ అక్కడే వేసింది.

రెండు రోజులు ఎవరూ పలకరించలేదు. మూడో రోజు వాచ్‌మన్ టీ గ్లాసు పట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"ఏంటమ్మా, రోజూ ఇక్కడ కూర్చుంటున్నారు?"

"డి కోసం బాబూ."

"డి కోసమా? డికి ఏమైంది?"

"బాగా పడిపోయింది. ఇరవై ఉండాలి కదా. లెక్క చూస్తే తొమ్మిదే ఉంది."

వాచ్‌మన్ గొంతు తగ్గించాడు. డి బ్లాకులో ఇళ్లు ఇరవై. లిఫ్టు చెడిపోయి ఎనిమిది నెలలైంది. మెట్లెక్కలేక ఒక్కొక్కరే ఖాళీ చేసి వెళ్లిపోగా, మిగిలినవి సరిగ్గా తొమ్మిది కుటుంబాలు.

"మీరు బి పన్నెండు కదమ్మా. మీకెందుకు ఈ తాపత్రయం?"

ఆమెకు బి పన్నెండు అనే విటమిన్ కూడా ఉంది. దానికి నెలనెలా సూది మందు వేయించుకుంటుంది. ఇతనికి ఇన్ని సంగతులు ఎలా తెలిశాయా అని ఆశ్చర్యపోయింది.

"బి పన్నెండుకు ఏ లోటూ లేదు బాబూ. బాధంతా డి గురించే."

వాచ్‌మన్ కళ్లు చెమర్చాయి. టీ అందించబోతే ఆమె వద్దంది. ఐరన్ మాత్ర వేసుకుని గంట కూడా కాలేదు, టీ పడకూడదు. బిస్కట్ అయినా తినమన్నాడు. ఇప్పుడు ఏమీ తినకూడదు, తిన్నా మూడు చెంచాలకు మించి తిననని ఆమె చెప్పింది. వాచ్‌మన్ గ్లాసు అక్కడే పెట్టేసి డి బ్లాకు వైపు పరిగెత్తాడు.

పావుగంటలో డి బ్లాకు ఐదో అంతస్తు డ్రిల్లు మాస్టారు వచ్చారు. రిటైరై పదేళ్లయినా విజిల్ ఇంకా మెడలోనే ఉంటుంది. నూట పది మెట్లు దిగి రావడంతో మాట పలకడానికి కొంత సేపు పట్టింది. ఆమె ఎదురుగా నిటారుగా నిలబడి, చేతులు జోడించారు.

"మా కోసం అన్నం మానేసి కూర్చున్నావట, తల్లీ."

అప్పుడు అర్థమైంది బొద్దక్కకు. ఇది విటమిన్ సంగతండీ, మీ బ్లాకు కాదు అని చెప్పడానికి నోరు తెరిచింది కూడా.

"ఎనిమిది నెలలైంది మా గడప ఎవరైనా తొక్కి," అన్నారు మాస్టారు. "చెల్లెలు కింద నిలబడి ఫోన్ చేసి, అన్నయ్యా, బాగున్నావా, మెట్లు ఎక్కలేను, వెళ్తున్నా అంటుంది. కిటికీలోంచి చెయ్యి ఊపుతాను. మేం ఉన్నామన్న సంగతి ఒక్కరికైనా గుర్తుందనుకోలేదు."

బొద్దక్క తెరిచిన నోరు మూసుకుంది. కాస్త పక్కకు జరిగి, "కూర్చోండి మాస్టారూ," అంది. ఉన్నది ఒకటే కుర్చీ అని తర్వాత గుర్తొచ్చింది.

మర్నాటికి పన్నెండు కుర్చీలు వచ్చాయి. డి బ్లాకు తొమ్మిది కుటుంబాలూ వంతులు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాయి. మాస్టారు అట్టముక్క మీద "డి కోసం రోజుకు మూడు చెంచాలు" అని రాసి ఆమె పక్కన నిలబెట్టారు. తక్కిన బ్లాకులవాళ్లు కూరగాయలకు వెళ్తూ ఆగి, తామూ కాసేపు కూర్చున్నారు. ఒకామె ఆమె చేతులు చూసి ఇంతలా చిక్కిపోయిందేమిటని కళ్లు తుడుచుకుంది. నాలుగు రోజుల్లో నలభై ఆరు కిలోలు పోయాయని ఎవరో అన్నారు. ఎవరూ కాదనలేదు.

అందరూ మధ్యాహ్నం డబ్బాలు అక్కడే తెచ్చుకునేవారు. ఆమె కూడా తన చిన్న గిన్నె తెచ్చుకునేది. ఆమె మూడు చెంచాలూ తింటుంటే పాతికమంది ఊపిరి బిగపట్టి లెక్కపెట్టేవారు. ఏడాదిన్నర తర్వాత ఆమె భోజనం మీద జనానికి మళ్లీ శ్రద్ధ కలిగింది. అన్నంతోపాటు వేసుకోవలసిన మాత్ర మాత్రం సంచీలోనే ఉండిపోయేది. దీక్షలో ఉన్న మనిషి బలానికి మాత్రలు మింగుతోందని మేనేజరు కిటికీలోంచి చూస్తే మాస్టారి పరువు పోతుంది. ఇంటికి వెళ్లాక వేసుకుందామనుకునేది. ఇంటికి వెళ్లాక ఆ రోజు విన్న కబుర్లు గుర్తొచ్చేవి, మాత్ర గుర్తొచ్చేది కాదు.

రెండో వారం టెంటు వచ్చింది. మా కోసం కూర్చున్న మనిషి ఎండలో మాడిపోతుంటే చూస్తూ ఊరుకుంటామా అని మాస్టారు ఆటల పోటీలకు వాడే టెంటు తెప్పించి, విజిల్ ఊది మరీ కట్టించారు. బొద్దక్క కంగారుపడింది. కుర్చీని బెత్తెడు బెత్తెడు జరుపుకుంటూ ఎండ అంచు దాకా చేరింది. ఆమె మడమ మీద ఎండ పడటం ఎవరో చూశారు. వెంటనే నలుగురు గుంజలు పీకి టెంటును ఆమెవైపు జరిపారు. ఆమె మళ్లీ జరిగింది. టెంటూ జరిగింది.

"నన్ను ఎండలో ఉండనివ్వండి మాస్టారూ. నాకు కావలసింది అదే."

మాస్టారు జనంవైపు తిరిగి, "విన్నారా?" అన్నారు. సాయంత్రానికి పక్కలకు కూడా పరదాలు కట్టించారు.

నిజం చెప్పేద్దామని ఆమె ప్రతి రాత్రీ అనుకునేది. ప్రతి పొద్దునా గుమ్మం దగ్గర ఎవరో ఒకరు ఆమె కుర్చీ మోయడానికి సిద్ధంగా ఉండేవారు. కుర్చీ మోయడానికి వచ్చిన మనిషితో అలాంటి మాట ఎలా చెప్తారు?

ఐదో వారంలో ఆఫీసు దిగివచ్చింది. మేనేజరు ఒక పెద్ద గాజు గ్లాసు నిండా పండ్లరసం పట్టుకుని టెంటులోకి వచ్చాడు. వెనక ఫోటోలు తీసేవాడు. రసం తాగి దీక్ష విరమించాలని, లిఫ్టు బాగు చేయిస్తామని మేనేజరు చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు.

బొద్దక్క గ్లాసు చూసి కుర్చీలో వెనక్కి జరిగింది. పంచదార వేసిన రసం గటగటా తాగితే ఆ చిన్న కడుపు తట్టుకోదు. గుండె దడ, చెమటలు, అక్కడే పడుకోవలసి వస్తుంది. ఒకసారి అయింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరు.

"వద్దండీ," అంది.

చప్పట్లు ఆగిపోయాయి. మేనేజరు పెద్దాఫీసుకు ఫోన్ చేసి వచ్చి, పాతది బాగు చేయడం కాదు, కొత్త లిఫ్టే పెడతామన్నాడు. గ్లాసు మళ్లీ ముందుకు చాపాడు.

"ఇంత నావల్ల కాదండీ."

"ఇంతతో కాదంటోంది," అని వెనక వరసకు అందించాడు వాచ్‌మన్.

మేనేజరు మళ్లీ ఫోన్ చేశాడు. మెట్లకు పట్టుకోవడానికి కమ్మీలు ఒప్పుకున్నాడు. కొత్త నీళ్ల మోటారు ఒప్పుకున్నాడు. గ్లాసు పట్టుకున్న చెయ్యి పీకుతుంటే బ్లాకు మొత్తానికి రంగులు వేయించడానికి కూడా ఒప్పుకున్నాడు. ఇక ఇవ్వడానికి తన ఉద్యోగం తప్ప ఏమీ మిగల్లేదన్నట్టు చూశాడు. ఆ చూపు భరించలేక బొద్దక్క తన చెంచా తీసి గ్లాసులో ముంచి, ఒక్క చెంచాడు తాగింది. మాస్టారు విజిల్ ఊదారు. ఆమెను భుజాల మీద ఎత్తుకుంటామని ముందుకు వచ్చినవాళ్లను, ఎముకల సంగతి గుర్తొచ్చి, ఆమె చేతులెత్తి వారించింది.

వారం తిరక్కుండా కొత్త లిఫ్టు వచ్చింది. డి బ్లాకువాళ్లకు చుట్టాలు వచ్చారు. ఖాళీ ఇళ్లకు అద్దెకు మనుషులు వచ్చారు. టెంటు వెళ్లిపోయింది. ఇంతకాలం వెనకబడ్డ ఇళ్ల పనులు అందరికీ గుర్తొచ్చాయి. బొద్దక్క గుమ్మంలో మళ్లీ సంచీలు అందించి వెళ్లడం మొదలైంది. తేడా ఒక్కటే. ఇప్పుడు సంచీతోపాటు నమస్కారం కూడా పెడుతున్నారు.

ఆరో వారం డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. డి ఏడు ఉంది.

"మాత్రలు వేసుకోలేదు కదూ?"

"లేదండీ."

"ఎండలో?"

"కూర్చోవడం మాత్రం రోజూ కూర్చున్నానండీ. జనం ఎక్కువై ఎండ తగల్లేదు."

డాక్టరమ్మ ఆ రోజే ఒక సూది మందు వేసింది. మాత్ర ఎప్పుడెప్పుడు వేసుకోవాలో పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. ఈ కాగితం ఇంట్లో ఎవరికైనా ఇచ్చి గుర్తు చేయమనండి అంది. బొద్దక్క సరేనని కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. తిరిగి వస్తుంటే లిఫ్టు దగ్గర మాస్టారు కనిపించారు. చెల్లెలింటికి భోజనానికి వెళ్తున్నారట. తొందరలో ఉన్నారు. అయినా ఆగి, మళ్లీ ఎప్పుడైనా కూర్చుంటే తప్పకుండా కబురు చేయమని, తాను వచ్చి తీరుతానని మాటిచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకు బొద్దక్క కుర్చీ తనే మోసుకుని ఆఫీసు ముందుకు వచ్చింది. నడినెత్తిన ఎండ. ఒళ్లో గిన్నె తెరిచి, మూడు చెంచాలు తిని, అందరికీ కనిపించేలా మాత్ర వేసుకుంది. కిటికీలో మేనేజరు లేచి నిలబడ్డాడు. వాచ్‌మన్ గేటు వదిలేసి వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఈసారి ఏ బ్లాకు కోసమమ్మా?"

"ఏదైనా పరవాలేదు బాబూ, అందరినీ పిలుచుకురా," అంది బొద్దక్క. "టెంటు మాత్రం వద్దని చెప్పు."