ఎర్ర చుక్క ఏడుపు

అర్థం లేని బొమ్మలు వేసే మొగుడు దొరకడం అదృష్టమండీ! కుళ్ళుకునేవాళ్ళు కుళ్ళుకోండి.

మా ఆయన పెయింటరు. గోడలకు వేసే రకం కాదు, ఆ రకమైతే గోడైనా పూర్తయ్యేది. కాన్వాసు మీద వేస్తారు. పెళ్ళైన కొత్తలో, ఎనిమిదో క్లాసుతో చదువాపేసిన తెలివి కొద్దీ, "ఇదేమిటండీ, గుమ్మడికాయా?" అని అడిగాను.

"నా ఒంటరితనం" అన్నారు.

"చిత్రానికి అర్థం ఉండదు, చూసేవాళ్ళే తెచ్చుకోవాలి" అని కూడా అన్నారు. ఎంత సుఖమైన సిద్ధాంతం! కూరలో ఉప్పు మరిచిపోయాననుకోండి, "రుచి ఉండదు, తినేవాళ్ళే తెచ్చుకోవాలి" అంటాను. మారుమాట్లాడకుండా తింటారు. మీ ఇళ్ళలో ఉందా ఈ సౌకర్యం?

ఇక ఆయన చూపు! తెల్లటి కాన్వాసు మీద ఒక్క ఎర్ర చుక్క పెట్టి, పొద్దస్తమానం దాని ముందే నిలబడతారు. "ఆ చుక్క ఏడుస్తోందే, వినబడటంలా?" అంటారు. నాకేమో ఉయ్యాల్లో పిల్ల ఏడుపు వినబడుతుంది. ఏడుపులు చెరొకటీ పంచుకున్నాం, గొడవే లేదు!

మొన్న పిల్ల వీపు మీద ఎర్ర చుక్కలు కనిపించాయి. మా ఇంట్లో ఎర్ర చుక్కంటే రంగే. పాలగిన్నె మీదా అదే, పక్కదుప్పటి మీదా అదే. నూనెగుడ్డతో తుడిచాను. పోలేదు. సబ్బు పెట్టి రుద్దాను. పిల్ల కీచుమంది. అప్పుడు తగిలింది చేతికి వేడి. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏమండీ, చంటిదాని ఒంటి మీద చుక్కలు!"

"టర్పెంటైన్‌తో తుడువు" అన్నారు, ఇటు తిరక్కుండానే.

"రంగు కాదండీ, జ్వరం!"

"ఒక్క నిమిషమే. చుక్క ఇప్పుడిప్పుడే నోరు విప్పుతోంది."

నేనేం చేశానో తెలుసా? కాన్వాసు దించి గోడకు చేరేశాను. ఆ ఖాళీలో పిల్లను ఎత్తి పట్టుకున్నాను, వీపు ఆయన వైపుకి పెట్టి.

ఆయన బ్రష్షు పట్టుకుని దగ్గరికొచ్చారు. కళ్ళు చిట్లించారు.

"ఈ ఎరుపు నాది కాదే!"

ఇక చూడాలి పరుగు! ఒక కాలికే చెప్పు, చేతిలో బ్రష్షు, భుజాన పిల్ల.

"ఈ చుక్కలకు అర్థమేమిటి డాక్టరుగారూ?" అని అడిగారు. అర్థం! ఆయన నోట! 'చూసేవాళ్ళే తెచ్చుకోవాలండీ' అనబోయాను. పిల్ల మొహం చూసి మింగేశాను.

"భయం లేదు, తగ్గిపోతాయి" అంది డాక్టరమ్మ. "తోలూడేలా రుద్దిందెవరమ్మా?"

తలొంచుకున్నాను. కళకు నా వంతు సేవ!

పిల్ల కోలుకుంది. చుక్క మళ్ళీ ఏడుస్తోంది, ఆయన మళ్ళీ వింటున్నారు. నాకేమో నాలుగు రోజులుగా నడుం పట్టేసింది. నోటితో చెప్పడం దండగ. రేపు కాన్వాసు దించేసి, నేనే నిలబడతాను.