చెప్పుల దుకాణంలో బుస

శనివారం ఉదయం సైలస్ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. నాంపల్లిలో ఆటో ఎక్కి, ఆబిడ్స్‌లో దిగి, నాలుగేళ్ల కూతురు జిప్పోరాకు బూట్లు కొని, భోజనాల వేళకు ఇల్లు చేరడం.

"మీతోని అయితదా?" అంది దవాఖానలో డ్యూటీకి బయల్దేరుతున్న భార్య మాబెల్. "చప్పుడు, లైట్లు ఎక్కువైతే అది తట్టుకోలేదు. టీచర్ చెప్పింది యాదికుంది కదా? తిట్టద్దు, గుంజద్దు. నిమ్మళంగ ఉన్న జాగకు తీస్కపోయి గట్టిగ దగ్గరికి పట్టుకోవాలె."

"బూట్లు కొననీకె పోతున్నం, యుద్ధానికి కాదు," అన్నాడు సైలస్.

దుకాణం గుమ్మంలో యజమాని రాంచందర్ మైకు పట్టుకుని "ఒక జత కొంటే ఇంకో జత ఫ్రీ!" అని అరుస్తున్నాడు. లోపల స్పీకర్‌లో పాట, పైన కళ్లు చెదిరే లైట్లు. జిప్పోరా చెవులు మూసుకుని నేలమీద కూలబడింది. ఏడుపు అందుకుంది.

"బాగ మొండి పిల్ల!" అందొక పెద్దావిడ.

పోయిన నెలైతే సైలస్ సిగ్గుతో కూతుర్ని కసిరేవాడే. ఈసారి ఎవరి వైపూ చూడకుండా ఎత్తుకుని, వెనక చెప్పుల డబ్బాలు పేర్చిన గదిలోకి దూరాడు. లైటు ఆర్పి, తలుపు మూసి, డబ్బాల చాటున పిల్లను గుండెకు అదుముకుని కూర్చున్నాడు. వాళ్లు లోపలికి పోవడం దుకాణం వాళ్లెవరూ చూడలేదు.

ఏడుపు వెక్కిళ్లలోకి దిగుతుండగా, ఏదో జత కోసం సేల్స్‌మన్ అఖిలేష్ తలుపు తీశాడు. మాట్లాడితే పిల్ల మళ్లీ బెదురుతుందని సైలస్ చీకట్లోంచి "ష్ష్ష్!" అన్నాడు. అఖిలేష్ ఇంకో అడుగు వేశాడు.

"ష్ష్ష్ష్ష్!"

అఖిలేష్ చప్పుడు కాకుండా తలుపు మూసేసి వెళ్లిపోయాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాడు సైలస్.

మర్యాదస్తుడు ఒక్క ఉరుకున గుమ్మంలో పడ్డాడు. "సేట్! డబ్బాల గదిల పాము! బుస కొట్టింది!"

రాంచందర్ కంగారులో మైకు దించడం మరిచిపోయాడు. "భయపడకున్రి! ఒక్కటే పాము!" అని ఆబిడ్స్ అంతటికీ ధైర్యం చెప్పాడు. క్షణంలో దుకాణం ఖాళీ అయింది. పక్క టీకొట్టు చేరేసరికి అది నాగుపామైంది, రోడ్డు దాటేసరికి రెండయ్యాయి. రాంచందర్ ఎందుకైనా మంచిదని మెయిన్ స్విచ్ ఆపేసి, షట్టర్ సగానికి దింపి, పాములు పట్టే పరశురాంకు ఫోన్ కొట్టాడు.

మూసిన తలుపు వెనక, పాట హోరులో సైలస్‌కు ఇవేవీ వినపడలేదు. ఉన్నట్టుండి పాట ఆగింది. జిప్పోరా మెల్లగా చెవుల మీంచి చేతులు తీసింది. తండ్రి వేలు పట్టుకుని బయటికొచ్చింది. మసక వెలుతురు, మనిషి లేని దుకాణం. నేలమీద కూర్చుని ఒక్కో బూటూ తాపీగా తొడిగి చూసుకోసాగింది. కరెంటు పోయిందనుకుని సైలస్ దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు.

షట్టర్ కింద నుంచి పరశురాం కొక్కెం కర్రతో, సంచితో దూరాడు. "సార్, పిల్లను ఎత్తుకోన్రి! పాము ఏ దిక్కుకు పోయింది?"

"పామేంది?" సైలస్ గబుక్కున కూతుర్ని ఎత్తుకున్నాడు.

"డబ్బాల గదిల బుస కొట్టిందంట."

సైలస్‌కు ఏదో తట్టింది. "ఎట్ల? ష్ష్ష్... గిట్లనా?"

"అగో! మళ్ల కొట్టింది!" బయట అఖిలేష్ కేక పెట్టాడు. జనం రోడ్డు అవతలికి ఉరికారు.

సంగతి తెలిసి రాంచందర్ లోపలికి దూసుకొచ్చాడు. "బేరం మొత్తం ఖరాబ్ చేసిన్రు కదా!"

"ఆ బుస నాదే. తప్పయింది," అన్నాడు సైలస్ మెల్లగా. "మనకు ఒక్క మైకు అన్నా. మా బిడ్డ చెవుల్ల అది వంద మైకులైతది. ఇంతసేపు దుకాణంల కూసునుడు గిదే మొదటిసారి."

తండ్రి భుజం మీంచి జిప్పోరా రాంచందర్ వైపు చూసి, మళ్లీ చెవుల మీద చేతులు పెట్టుకుంది. తిట్టబోయిన ఆయన చేతిలోని మైకును పక్కన పెట్టేశాడు.

"నీలం రంగుల చూపియ్యనా బిడ్డా?" అన్నాడు చివరికి, గుసగుసగా.

జిప్పోరా తలూపింది. అఖిలేష్ మునివేళ్ల మీద వెళ్లి డబ్బా తెచ్చాడు. ధైర్యం చేసి తిరిగొచ్చిన జనం, ఎందుకో తెలియకపోయినా, గుసగుసగానే బేరాలాడారు.

పట్టుకుపోవడానికి వేరే ఏమీ లేక, పరశురాం సంచిలో రెండు జతల చెప్పులు వేసుకుపోయాడు.