చివరి మీట

ఆ ఆదివారం ఉదయానికి ప్రకాశరావు వేసుకున్న ప్రణాళికలో పైకి కనిపించే లోపమేదీ లేదు. ఎనిమిదింటికి కొత్త మైకు సెట్టు బిగించడం, పదింటికి చర్చి సంఘ వార్షికోత్సవం మొదలుపెట్టడం, పదకొండుకు మండలం నుంచి వచ్చే మంచినీళ్ల ఇంజనీరుకు శాలువా కప్పడం, సమయం మిగిలితే స్త్రీల సమాజానికి రెండు నిమిషాలివ్వడం. ఆ ఇంజనీరును పిలిపించినదే స్త్రీల సమాజమన్న సంగతి మాత్రం ప్రణాళికలో ఎక్కడా లేదు.

పుల్లలచెరువు మండలంలోని ఆ పాలేనికి నీళ్ల ట్యాంకరు వచ్చేది ఆనుకుని ఉన్న పై ఊరంతా తిరిగిన తరువాతే; చేరేసరికి అందులో అడుగు తడి మిగిలేది. ఇంజనీరు పదకొండున్నరకు మరో ఊరికి వెళ్లిపోతాడు. ఆలోగా ఆయన చెవిన ఆ మాట వేయవలసిన బాధ్యత, స్త్రీల సమాజానికి పెద్దగా ఉన్న రిటైర్డు హెడ్మిస్ట్రెస్ మగ్దలీనమ్మది.

ఆ మైకు సెట్టులోని మిక్సరు కొన్నది కూడా స్త్రీలే. ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి పూటకొక పిడికెడు తీసి, మూడేళ్లు కూడబెట్టి, అమ్మి, దాన్ని మార్కాపురం నుంచి తెప్పించారు. దాని మీద వరుసగా, గొంతు పెంచడానికి పైకీ తగ్గించడానికి కిందికీ జరిపే ఆరు తెల్ల మీటలు, కుడి కొసన ఒక ఎర్ర మీట ఉన్నాయి. ఏది ఎవరిదో కాగితపు పట్టీల మీద రాసి అంటించమని ప్రకాశరావు ఆటో నడిపే సీమోనును ఆజ్ఞాపించాడు. పలకల క్వారీలో మేస్త్రీగా, సంఘంలో పెద్దగా పాతికేళ్లు గడిపిన మనిషి. ఎవరి తరువాత ఎవరన్నది ఆయన క్షుణ్ణంగా చదివిన ఏకైక శాస్త్రం.

"ముందు పాస్టరు అయ్యగారు. తర్వాత నేను. ఆపైన సెక్రటరీ, యూత్, కీబోర్డు."

"ఆరోది, పెదనాయనా?"

"ఖాళీ అని రాయి."

"మరి ఆడోళ్లది?"

"చివరిది. ఎర్రగుంది గదా, గుర్తుంటది."

ఎర్ర మీట కింద ఇంగ్లీషులో ఏదో అచ్చయి ఉంది. సరిగ్గా దాని మీదనే సీమోను 'స్త్రీల సమాజం' అన్న పట్టీని శ్రద్ధగా అంటించాడు. స్త్రీల మైకు తీగను మాత్రం, మిగిలి ఉన్నది అదే గనుక, ఆరో రంధ్రంలో గుచ్చాడు. మీటలన్నీ సగానికి పెడితే మైకులన్నీ పలికాయి. పలికిన యంత్రాన్ని ప్రశ్నించే అలవాటు ఆ సంఘంలో ఎవరికీ లేదు.

షామియానా కింద పెద్ద ఫ్యాన్లు హోరుమంటుండగా అయ్యగారు వాక్యం చెప్పడం మొదలుపెట్టారు. స్త్రీల వైపు ఒక పసిబిడ్డ ఏడిస్తే ఆ ఏడుపు స్పీకరు బాక్సుల్లోకి వచ్చింది.

"ఆడోళ్లది దించరా," అన్నాడు ప్రకాశరావు.

సీమోను ఎర్ర మీటను కిందికంటా దించాడు. బాక్సుల్లో ఏడుపు ఆగింది.

"చూసినావా, మిషను అంటే అట్లుండాల."

అయ్యగారి గొంతు కూడా ఆగిందని గ్రహించడానికి ప్రకాశరావుకు అర నిమిషం పట్టింది. "నిన్నటి నుంచి ఉపాసం గదా, గొంతు నీరసించింది," అని నిర్ధారించి మిరియాల పాలు తెప్పించాడు. ఉపవాసమున్న మనిషి చేత పాలు తాగించడమేమిటని ఎవరూ అడగలేదు. అయ్యగారూ అడగలేదు, తాగేశారు. గొంతు మాత్రం మొదటి వరుస దాటలేదు.

అయ్యగారి మీటను పైకంటా నెట్టారు. ఫలితం లేదు. ఎవరిది కలిసొస్తుందో తెలియదంటూ ప్రకాశరావు తనది, సెక్రటరీది, యూత్‌ది, కీబోర్డుది కూడా నెట్టించాడు. లోపం గాలివాటంలో ఉందని సీమోను గుడిపైకెక్కి గొట్టం మైకును పై ఊరి వైపుకు తిప్పి వచ్చాడు. పై ఊరి నుంచి పిలిపించిన కరెంటు పనివాడు వెంకటేష్, ఓల్టేజి చాలడం లేదని తేల్చి ఫ్యాన్లు ఆర్పించాడు. ఆ సరికి వచ్చి కూర్చున్న ఇంజనీరు తనకు కప్పిన శాలువాతోనే విసురుకోసాగాడు.

"ఆ ఎర్రది ఎత్తి చూద్దామా, పెదనాయనా?"

"ఈ మొత్తంలో చెప్పినట్ల విన్నది అదొక్కటేరా. దాని జోలికి పోబాక."

పదకొండూ ఇరవైకి ఇంజనీరు గడియారం చూసుకుని లేచాడు. అంతవరకు కదలకుండా కూర్చున్న మగ్దలీనమ్మ మిక్సరు దగ్గరకు వచ్చింది.

"మరిదీ, మా మీట దించిందెవరు?"

"పిల్లోళ్ల ఏడుపు, వదినా. ఇప్పుడు మైకే పలకడంల్యా. నీ రెండు నిమిషాలు వచ్చే ఏడు చూద్దాంలే."

"అసలే పలకని దాంట్లో మాది ప్రత్యేకంగా దించి పెట్టడం దేనికి?"

ఆమె ఎర్ర మీటను పైకంటా నెట్టింది.

మరుక్షణం మిక్సరు కూత పెట్టింది. గుడిపై పావురాలు లేచిపోయాయి. కట్టేసిన మేకలు గుంజలు పెరుక్కున్నాయి. గొట్టం తమ వైపే తిరిగి ఉండటంతో పై ఊరివాళ్లు ఏం కూలిపోయిందోనని పరుగెత్తుకొచ్చారు. చెవులు మూసుకున్న ఇంజనీరు కుర్చీలో కూలబడ్డాడు.

మగ్దలీనమ్మ తొందరపడలేదు. అయ్యగారి మీట దించింది. ప్రకాశరావుది దించింది. సెక్రటరీది దించింది. యూత్‌ది దించేసరికి కూత ఆగింది. కీబోర్డుది కూడా దించింది, వరుస తప్పకూడదు గనుక. ఇక మిగిలింది 'ఖాళీ' అని రాసి ఉన్న ఆరో మీట. అది ఎవరిదీ కాకపోవడం వల్ల దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. స్త్రీల మైకు తీగతో సహా, పొద్దున పెట్టిన సగం దగ్గరే ఉంది.

ఆమె స్త్రీల మైకు ముందుకు నడిచింది. "అయ్యా, మా పాలెంలో నలభై ఇళ్లున్నాయి," అంది. ఆ మాట షామియానా దాటి, గుడి దాటి, పై ఊరి చివరింటి దాకా స్పష్టంగా వెళ్లింది. సరిగ్గా రెండు నిమిషాలు మాట్లాడి, ఆమె మైకును ఇంజనీరు చేతికిచ్చింది.

"మంగళవారం, శుక్రవారం ట్యాంకరు ముందు పాలేనికే వస్తుంది. ఆ తర్వాతే ఊళ్లోకి," అన్నాడాయన. రెండు ఊళ్లూ విన్నాయి గనుక ఆ మాటను వెనక్కి తీసుకునే వీలు ఆయనకు లేకపోయింది. పై ఊరి రైతు సుబ్బులమ్మ నిట్టూర్చింది. "నీళ్లు ముందెవరికొస్తే ఏందమ్మా. ఆ కూత ఆపినారు, అదే పదివేలు."

సాయంత్రం సీమోను పట్టీ కొస లేపి, కింద అచ్చయిన మాటను ఫోనులో వెతికి చూశాడు. "పెదనాయనా, ఇది అందరిదంట. ఇది దించితే అందరి గొంతులూ ఆగిపోతాయంట."

"అట్లయితే దాని మీద నా పేరు రాయి."

"పట్టీ పీకితే అచ్చు కూడా లేచిపోతది, మరిదీ. మీరు రాయించిందే గదా, ఉండనీ," అంది మగ్దలీనమ్మ.

మంగళవారం ట్యాంకరు నిండుగా పాలెంలోకి వచ్చింది. ఆ తరువాతి ఆదివారం ప్రకటనలు చదవడానికి లేచిన ప్రకాశరావు స్త్రీల వైపు తిరిగి, "వదినా, మీ మీట కొంచెం ఎత్తుతావా?" అన్నాడు.

సంఘపెద్దగా ఆ పాతికేళ్లలో ఆయన స్త్రీలను ఒక మాట అడగడం అదే మొదటిసారి.