గ్రంథాలయం మూసేస్తే మనకే మేలు

మా పేటలో శాంతికి భంగం కలిగిస్తున్నది ఒకే ఒక్కటి. లౌడ్‌స్పీకర్లు కాదు, ట్రాఫిక్ కాదు, పొద్దున్నే గోడకు బెజ్జాలు కొట్టే పక్కింటివాళ్లు అసలే కాదు. మా వీధి చివర, పైపుల షాపు పక్కన, రెండు గదులూ ఒక వరండాతో నిలబడి ఉన్న ప్రజా గ్రంథాలయం! నెలాఖరుకు దాన్ని మూసేసి ఆ చోట టూవీలర్ పార్కింగ్ పెడతారని గేటుకు నోటీసు అంటించారు. చదివి రెండు చేతులూ జోడించాను.

పాఠక మహాశయులారా, మీలో కొందరు అప్పుడే నొసలు చిట్లించి ఉంటారు. గ్రంథాలయం విజ్ఞాన భాండాగారం అంటారు. ఆ మాట చిన్నప్పుడు వ్యాసరచన పోటీలో నేనూ రాశాను, రెండో బహుమతిగా సబ్బుపెట్టె కూడా పుచ్చుకున్నాను. కానీ ఇప్పుడు ఇరవై రెండేళ్లుగా ఆ గ్రంథాలయాన్ని దగ్గరుండి చూస్తున్నవాణ్ణి. దానివల్ల జరిగే అనర్థాలు వింటే తాళంకప్ప మీరే కొనుక్కొస్తారు.

అక్కడ ఊరికే కూర్చోవచ్చు. ఈ మాట ఎంత ప్రమాదకరమైందో ఆలోచించారా? ఈ రోజుల్లో మనిషి ఎక్కడ కూర్చున్నా ఏదో ఒకటి కొనాలి. కాఫీ షాపులో కాఫీ కొనాలి. ఆస్పత్రిలో కనీసం జబ్బయినా ఉండాలి. బ్యాంకులో టోకెన్ లేకుండా కూర్చుంటే సెక్యూరిటీ గార్డు మన ముఖంలోకి చూస్తాడు. ఈ గ్రంథాలయంలో మాత్రం పొద్దున్న పదింటికి వెళ్లి సాయంత్రం అయిదింటిదాకా కూర్చున్నా ‘ఏం కావాలి సార్?’ అని అడిగే దిక్కు లేదు. ఇలాంటి చోటుకు అలవాటుపడ్డ పౌరుడు రేపు మార్కెట్‌కు ఏం పనికొస్తాడు?

పైగా నిశ్శబ్దం! ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఒకరోజు ఫోను ఇంట్లో మరచిపోయి వెళ్లి అరగంట కూర్చున్నాను. నా ఆలోచనలు నాకే వినపడ్డాయి. వాటిలో ఒక్కటి కూడా బాగాలేదు. ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే, “ఆ సంగతి నాకు పెళ్లయిన నెలకే తెలుసు, దానికి లైబ్రరీ దాకా వెళ్లాలా?” అంది.

కుటుంబ సంబంధాల మీద గ్రంథాలయం కొట్టిన దెబ్బ ఇంకా పెద్దది. మా పేటలో టికెట్ తాత అని ఒకాయన ఉన్నాడు. బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. రోజూ వచ్చి ఆరు దినపత్రికలూ మొదటి పేజీ నుంచి టెండరు నోటీసుల దాకా చదువుతాడు. దాంతో ఆయనకొక దురలవాటు పట్టుకుంది. ఎవరేం చెప్పినా, టికెట్ చూపించమన్నట్టే చేయి చాపి, “ఎక్కడ రాశారు?” అంటాడు. వాళ్ల బావమరిది ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. సెల్‌ఫోను పక్కన రెండు ఉల్లిపాయలు పెట్టుకుని పడుకుంటే మోకాళ్ల నొప్పులు పోతాయని. ఎంత నిర్మలమైన ప్రేమతో పంపాడు! తాత మాత్రం, “ఎక్కడ రాశారు?” అన్నాడు. బావమరిది అలిగి గ్రూపులోంచి వెళ్లిపోయాడు, వెనకాలే చెల్లెలూ మేనకోడలూ వెళ్లిపోయారు. ఇప్పుడా గ్రూపులో తాత ఒక్కడే ఉన్నాడు. గ్రంథాలయం ముయ్యగానే ఆయన కూడా అందరిలాగే అన్నీ నమ్మేస్తాడు, చెదిరిన కుటుంబం మళ్లీ కలుస్తుంది.

మా టైలరు సంగతి ఇంకా ఘోరం. అందరూ కత్తెర మామయ్య అంటారు. యాభై నాలుగేళ్లు వచ్చేదాకా ఆయన అక్షరం ముక్క రాకుండా హాయిగా బతికాడు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ వేలిముద్ర వేసేవాడు, షాపు ఓనరుకు ఆయనంటే ప్రాణం. ఇంతలో లైబ్రరీ అక్క కంటపడ్డాడు. లైబ్రరీ అక్క అంటే అక్కడి లైబ్రేరియను. మా పేటలో అందరికీ ఆవిడ అక్కే, డెబ్భై ఏళ్ల టికెట్ తాతకు కూడా. మధ్యాహ్నం పూట కొలతల పుస్తకం తెచ్చుకోమని, అందులోని అంకెల పక్కనే అక్షరాలు రాయించి, ఏడాదిన్నరలో ఆయన చేత పేపరు చదివించింది. ఫలితం? మొన్న అద్దె అగ్రిమెంటు తెస్తే కత్తెర మామయ్య కళ్లజోడు పెట్టుకుని, “ఆగండి సార్, ఈ ఏడో లైను ఏదో తేడాగా ఉంది” అన్నాడు. ఓనరుకు ఆ పూట అన్నం సయించలేదు. ఒక నిండు కుటుంబీకుణ్ణి ఇంత క్షోభ పెట్టే సంస్థను ఇన్నాళ్లు ఎలా నడవనిచ్చారో!

ఇక ఇస్త్రీ షాపువాళ్ల కోడలు ఉంది. పొద్దున్న మా అందరి చొక్కాలూ ఇస్త్రీ చేసి, మధ్యాహ్నం రెండింటికి గ్రంథాలయానికి వస్తుంది. నర్సు ఉద్యోగం పరీక్షకు చదువుతోంది. చేతిలో పుస్తకం, మెడ మీద ఇంకా ఆరని చెమట. ఆ అమ్మాయికి ఉద్యోగం వస్తే మా చొక్కాల గతేమిటి? సమాజ శ్రేయస్సు దృష్ట్యా ఒకరోజు నేనే హితబోధ చేశాను.

“ఇంట్లో చదువుకోవచ్చు కదమ్మా, ఇంత దూరం రావడమెందుకు?”

“ఇంట్లోనూ చదువుతా బాబాయి గారూ. ఉన్నది ఒకటే గది, ఆరుగురం. మామయ్య టీవీ సౌండు తగ్గించినప్పుడు చదువుతా.”

“ఎప్పుడు తగ్గిస్తారు?”

“యాడ్స్ వచ్చినప్పుడు.”

చూశారా, అవకాశం లేకపోలేదు! యాడ్‌కు యాడ్‌కు మధ్య కాదు, యాడ్ నడుస్తుండగా చదవాలి. శ్రద్ధ ఉంటే అదే చాలు. గ్రంథాలయం మూసిన మూడు వారాలకు పరీక్ష. ఈలోగా యాడ్స్ ఏం తక్కువ రావు.

ఇన్ని అనర్థాలున్నా ఈ గ్రంథాలయం ఇన్నాళ్లు ఎలా బతికిందనే అనుమానం మీకు రావచ్చు. నిజానికి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, అందుకే బతికింది. పోయిన నెల పట్టించుకున్నారు. ‘గ్రంథాలయ వినియోగాన్ని పరిశీలించేందుకు అధికారి గురువారం పదకొండింటికి వస్తారు’ అని కాగితం వచ్చింది. అక్క దాన్ని మాకు రెండుసార్లు చదివి వినిపించింది.

వరండాలో మీటింగ్ పెట్టుకున్నాం, అక్క కాక పదకొండు మందిమి. అధికారి కళ్లకు మన గ్రంథాలయం అద్దంలా కనపడాలని తీర్మానించాం. కత్తెర మామయ్య మూడు రోజులు కూర్చుని బల్లలన్నిటికీ తెల్లగుడ్డ కవర్లు కుట్టాడు. ఇస్త్రీ షాపు కోడలు చదువు మానుకుని వాటిని ఇస్త్రీ చేసింది. టికెట్ తాత పాత పేపర్లన్నీ తేదీల వారీగా పేర్చి, అంచులు స్కేలుతో సరిచూశాడు. చిరిగిన పుస్తకాలకు అట్టలేశాం. ఎవరూ వేలు పెట్టనట్టు తయారయ్యాయి.

అప్పుడు మాలో మేధావిగా పేరున్న ఒక పెద్దమనిషి లేచాడు. పత్రికల్లో కూడా అప్పుడప్పుడు రాస్తుంటాడు కాబట్టి అందరూ ఆయన మాట వింటారు.

“అంతా బాగుంది. కానీ ఆయనొచ్చే వేళకు మనమిక్కడ ఉంటే ఏం బాగుంటుంది? ఒకరు తుమ్ముతారు, ఒకరు కునుకు తీస్తారు. చూసినవాళ్లు ఏమనుకుంటారు?” అన్నాడాయన.

“ఒకరిద్దరైనా కూర్చుంటే బాగుంటుందేమోనండీ” అంది అక్క, నసుగుతూ.

“భలేదానివమ్మా. ఇంటికి చుట్టాలొస్తే కుర్చీలన్నీ మనమే ఆక్రమించుకుని కూర్చుంటామా?”

ఆ మాటకు తిరుగు లేకపోయింది. మర్యాద తెలిసిన మనుషులు కదా, అందరూ తలూపారు. గురువారం పదకొండింటికి ముప్ఫై రెండు కుర్చీలూ బల్లల కిందికి తోసి, పదకొండు మందిమీ రోడ్డుకు అవతల టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. అక్కణ్ణించి చూస్తుంటే మా గ్రంథాలయం ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను.

అధికారి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. లోపల పావుగంట తిరిగాడు, కుర్చీలు లెక్కపెట్టాడు, తెల్లగుడ్డ మీద వేలు రాసి చూసుకున్నాడు. ‘ఇప్పుడే వస్తారు సార్’ అని అక్క మూడుసార్లు చెప్పిందట, ఆయన మూడుసార్లూ గుమ్మం వైపు చూశాడట. గుమ్మంలో ఎవరు వస్తారు? మేం టీ కొట్టు దగ్గర ఊపిరి బిగబట్టుకుని మర్యాద పాటిస్తున్నాం.

బయటికొచ్చి ఆయన కూడా టీ కొట్టుకే వచ్చాడు. మా పక్కనే నిలబడి టీ తాగుతూ, “ఈ లైబ్రరీకి ఎవరైనా వస్తారా?” అని మామూలుగా అడిగాడు.

అదృష్టం తలుపు తట్టిందంటే అదే. కానీ మన గొప్ప మనమే చెప్పుకుంటామా?

“ఏదో, అప్పుడప్పుడు సార్” అన్నాడు కత్తెర మామయ్య, తల గోక్కుంటూ.

“మాకేం చదువులు సార్, కాలక్షేపం” అన్నాడు ఆరు పేపర్ల తాత.

ఇస్త్రీ షాపు కోడలు ఏదో చెప్పబోయింది. పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు ఆగమన్నట్టు మా మేధావి కళ్లతోనే సైగ చేశాడు. ఆ అమ్మాయి ఆగిపోయింది.

అధికారి రాసుకున్నాడు. తరువాత నోటీసుతో పాటు ఆ నివేదిక నకలు కూడా వచ్చింది. ‘తనిఖీ సమయంలో పాఠకులు: ఎవరూ లేరు. ఫర్నిచర్ వాడిన ఆనవాళ్లు లేవు. పుస్తకాలు తాకినట్టు కనిపించలేదు. స్థానికులను విచారించగా కాలక్షేపం తప్ప ప్రయోజనం లేదని చెప్పారు.’ ఇందులో ఒక్క అక్షరం అబద్ధం చూపించండి! టికెట్ తాత జీవితంలో మొదటిసారి ‘ఎక్కడ రాశారు?’ అని అడగలేదు.

నోటీసు అంటించిన రోజు అక్క ఎవర్నీ ఏమీ అనలేదు. తెల్లగుడ్డలు మడతపెడుతూ ఆ పెద్దమనిషితో, “మీరు మంచికే చెప్పారు కదండీ” అంది. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

ఇక దాచి లాభం లేదు, ఆ పెద్దమనిషిని నేనే. గ్రంథాలయం మూసేస్తే మనకే మేలని ఇంత గొంతు చించుకుని ఎందుకు వాదిస్తున్నానో ఇప్పుడు అర్థమైందా? అది మేలు కాకపోతే నేను చేసింది ఏమిటి? చెప్పండి. వారం రోజులుగా నిద్ర పట్టడం లేదు. ఇరవై రెండేళ్లు ఆ ఫ్యాను కింద కూర్చుని నాలుగు ముక్కలు రాయడం నేర్చుకున్నవాణ్ణి, ఒక్క తెలివైన మాటతో దాని గేటుకు నోటీసు అంటించాను.

నిన్న ఇస్త్రీ షాపు కోడలు చొక్కాలు ఇవ్వడానికి మా ఇంటికొచ్చింది. ముఖం ఎలా చూడాలో తెలియక చొక్కాలు లెక్కపెట్టుకుంటున్నాను.

“బాబాయి గారూ, మీరు పేపర్లో రాస్తారు కదా. రాయండి.”

“ఏమని రాయనమ్మా?”

“మేం వస్తున్నామని. అంతే. ఆ రోజు చెప్పనివ్వలేదుగా.”

రాస్తున్నాను. మేం వస్తున్నాం. రోజూ వస్తున్నాం. అది మాకు కాలక్షేపం కాదు. ఆ గది లేకపోతే ఆ అమ్మాయికి చదువుకునే చోటు ఈ ఊళ్లో మరెక్కడా లేదు.

అక్క పెట్టుకున్న అర్జీ మీద సోమవారం పదకొండింటికి అదే అధికారి ఇంకొక్కసారి చూడటానికి వస్తున్నాడు. ఇదే ఆఖరు. కాబట్టి పదింటికల్లా రండి. షాపు కాసేపు కట్టేసి రండి, పిల్లల్ని తీసుకుని రండి, చదవడం రాకపోతే బొమ్మలు చూడటానికి రండి. పేపర్లు చిందరవందర చేయండి, తుమ్మొస్తే తుమ్మండి, కునుకొస్తే బల్ల మీద తల పెట్టి పడుకోండి. ముప్ఫై రెండు కుర్చీల్లో ఒక్కటి కూడా ఖాళీ ఉండకూడదు. ఆయన గుమ్మంలో నిలబడి కూర్చోవడానికి చోటు కోసం వెతుక్కుంటాడు. దయచేసి ఎవరూ లేచి కుర్చీ ఇవ్వకండి.