గానుగ బారుకు జంటగా రావలెను

ఈ దేశంలో భార్యకు దక్కాల్సిన గౌరవం దక్కే చోటు ఒక్కటే ఉంది. అది గుడి కాదు, బడి కాదు, అత్తగారిల్లు అసలే కాదు. బారు!

ముఖం చిట్లించకండి. పొయ్యి మీద పాలుంటే మంట తగ్గించి వచ్చి, నిదానంగా వినండి.

హైదరాబాదులో అద్దాల మేడలుండే వైపు 'ది గానుగ' అని ఒక బారు ఉంది. అలాంటిలాంటి బారు కాదు, పేరు మోసిన బారు. ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒకరు అక్కడ గ్లాసు ఎత్తి పట్టుకుని నవ్వుతూ కనిపిస్తారు. లోపల నిజమైన చెరకు గానుగను గొలుసులతో పైకప్పుకు వేలాడదీసి, దాని మీద ఊదా రంగు లైటు కొట్టారట. బోధన్ చుట్టుపక్కల పొలాల్లో తుప్పు పట్టి, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న గానుగల సంగతి తలచుకుంటే జాలేస్తుంది. పాపం, లైటు కొట్టేవాళ్ళు లేకనే కదా అవి పాత ఇనుము బండెక్కుతున్నాయి!

ఆ గానుగను కళ్ళారా చూడాలని ధనుంజయ్‌కి కోరిక పుట్టింది. ధనుంజయ్‌ది బోధన్ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం. స్నేహితుడు రాజారాంను వెంటబెట్టుకుని, ఇద్దరూ కొత్త షర్టులు తొడుక్కుని, సెంటు కొట్టుకుని, బస్సెక్కి హైదరాబాదు పోయారు. గేటు దగ్గర నల్ల టీ షర్టు వేసుకున్న బౌన్సరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"స్టాగ్స్ నాట్ అలౌడ్."

అంటే, ఆడతోడు లేని మగవాడికి ప్రవేశం లేదని. జంటగా వస్తేనే గేటు తీస్తారు. ఇద్దరు మొనగాళ్ళూ గేటు బయట నిలబడి ఫోటో దిగి, బస్టాండులో ఇడ్లీ తిని, తెల్లారేసరికి ఇల్లు చేరారు.

చూశారా మహిమ! ఎన్ని మహిళా సంఘాలు, ఎన్ని ఉపన్యాసాలు, ఎన్ని గోడ రాతలు! అవన్నీ కలిసి ఇన్నేళ్ళలో చెయ్యలేని పనిని ఒక నల్ల టీ షర్టు ఒంటిచేత్తో చేసింది. పెళ్ళాం పక్కన లేకపోతే మొగుడు గుమ్మం కూడా దాటలేడని లోకానికి చాటింది. ఇంతకన్నా సంఘ సంస్కరణ ఏముంటుంది?

ఆ సంస్కరణ ఫలం మొట్టమొదట అందుకున్న అదృష్టవంతురాలు ధనుంజయ్ భార్య రుచిత.

రుచితకు ఇంటరు సగంలో ఉండగానే పెళ్ళయింది. పెళ్ళయిన నాటి నుంచి ఆయన ముందు, ఆమె వెనక. అంగడికి పోయినా, ఫంక్షన్‌కు పోయినా ఆమె చూసింది ఆయన వీపునే. కొడుకు అఖిలేష్ పుట్టాక ఆ వీపు కూడా కరువైంది. టీకాలకు, జ్వరాలకు, అంగన్‌వాడీకి ఆమె ఒక్కతే. "నువ్ పోయిరా, నేనొచ్చి ఏం జేస్త?" అనేది ధనుంజయ్ మాట.

ఇక రుచితకున్న దిగులు ఒక్కటే. అఖిలేష్‌కు మూడేళ్ళు నిండబోతున్నాయి. "అమ్మ" అంటాడు, "బువ్వ" అంటాడు, "బస్" అంటాడు. అక్కడితో ఆగుతాడు. పక్కింటి పిల్ల, వీడికన్నా చిన్నది, కూరలో ఉప్పు తక్కువైందని కూడా చెబుతోంది. రుచితకు నిద్ర పట్టేది కాదు. వాణ్ణి చంకనేసుకుని నిజామాబాదులో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తిరిగింది. డాక్టరమ్మ చెవులు పరీక్ష చేయించింది. చెవులు బంగారంలా ఉన్నాయంది. "వీడికి మాటలు వినబడాలమ్మా, ఫోన్లోవి కావు, మనుషులవి. ఈసారి తండ్రిని కూడా తీసుకురా," అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా అదే మాట: "తండ్రి ఏడి?"

డాక్టరమ్మది పెద్ద చదువే కానీ, గేటు దగ్గర ఒక మనిషిని పెట్టుకోవాలనే తెలివి లేదు. తండ్రి రాకపోయినా తల్లిని లోపలికి రానిస్తుంది! ఇక ఏ తండ్రి వస్తాడు?

హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన ధనుంజయ్ ఇంట్లో అడుగుపెడుతూనే బిందె ఎత్తి నీళ్ళు పట్టాడు. "తిన్నవా?" అని భార్యను అడిగాడు. సాయంత్రం మల్లెపూలు తెచ్చాడు. బీడీలు చుట్టుకుంటున్న అతని తల్లి గంగుబాయి చాట పక్కకు పెట్టి లేచొచ్చి, కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"పెయ్యి సల్లగనే ఉన్నదిరా. మరేమైంది నీకు?"

"ఏం కాలేదవ్వా," అని ధనుంజయ్ గొంతు సవరించుకున్నాడు. "రుచితా!"

రుచిత ఉలిక్కిపడింది. ఆ ఇంట్లో అప్పటిదాకా ఆమె పేరు "ఓయ్".

"మనం హైదరాబాద్ పోదామా? గక్కడ మస్తు హోటల్ ఉన్నది. అందరు జోడి జోడి వస్తరు."

"హోటలా, బారా?"

"రెండు ఒక్క తీర్గనే ఉంటయి."

"నిన్న నువ్వు, రాజారామన్న గేటు కాడ ఫోటో దిగొచ్చింది గదేనా?"

ధనుంజయ్ మల్లెపూల పొట్లం వైపు చూశాడు, అదేమైనా సాయం చేస్తుందేమోనని.

గంగుబాయి తునికాకు కత్తిరిస్తూ కత్తెర ఆపింది. "గేటు కాడ జోడి అడుగుతర్రా? కల్లు దుకాణంల నేను, మీ బాపు పక్కపక్కకే కూసుంటుంటిమి. ఎవడడిగిండు మమ్ముల? అది సరేగని, గక్కడ అత్తలను రానిస్తరా?"

"రానియ్యరవ్వా."

"గట్లయితే గదేం దుకాణంరా!" అని మళ్ళీ కత్తెర ఆడించింది.

అవతల రాజారాం కూడా ఇంట్లో ఇదే ప్రయత్నం చేశాడు. అతని భార్య భాగ్యలక్ష్మి ఒక్క ముక్కలో తేల్చేసింది. "నిన్ను గేటు దాటిచ్చెటందుకు నేనేమన్న నీ గేటుపాసునా?" దాంతో గానుగ భారమంతా రుచిత మీద పడింది. వీడియో తెచ్చి చూపిస్తానని ధనుంజయ్ రాజారాంకు మాటిచ్చి కూర్చున్నాడు.

ఇప్పుడు ప్రశ్న: అంత దూరం పోయి ఆ బారు చూడడం దండగా, కాదా? రుచిత తొందరపడే మనిషి కాదు. అఖిలేష్‌ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఫోన్‌లో ఆ బారు గురించి జనం రాసినవన్నీ చదివింది. "ఆంబియన్స్ సూపర్, మ్యూజిక్‌కు పక్కవాళ్ళ మాట కూడా వినబడదు," అని ఒకాయన ఐదు చుక్కలిచ్చాడు. మొగుడూ పెళ్ళాలకు అంతకన్నా సుఖమేముంది! "మట్టి ముంతలో చెరకు రసం, పుదీనా ఆకుతో, అద్భుతం," అని ఇంకొకామె మురిసిపోయింది. ఆ ముంత ధర చూసి రుచిత ఫోన్ దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గరగా పెట్టి చూసింది. ఆ డబ్బుకు రెంజల్ దిక్కు చెరకు మోపు ఇంటికి తెచ్చి దింపుతారు. అన్నీ చదివి, చివర్లో ఉన్న రూళ్ళు కూడా చదివి, ఫోన్ మూసింది.

"వస్త," అంది మర్నాడు. "గని శనివారం పోదాం. నిజామాబాద్ మీదికెళ్ళే కదా పోయేది. మొదలు డాక్టరమ్మ, ఎనుక నీ గానుగ."

"బారుకు పోయేనాడు దవాఖానేందే!"

"సరే, వద్దు. నువ్వు రాజారామన్నకు చీరె కట్టిచ్చి తీస్కపో."

ధనుంజయ్ రాజారాం మీసాలను తలచుకున్నాడు. శనివారం పొద్దున్నే అందరికన్నా ముందు తయారై నిలబడ్డాడు. పిల్లవాణ్ణి తన దగ్గర వదిలి పొమ్మని గంగుబాయి అంది కానీ, డాక్టరమ్మ చూడాల్సింది వాణ్ణే కదా. ముగ్గురూ బస్సెక్కారు.

డాక్టరమ్మ ధనుంజయ్‌ని చూసి కుర్చీ ముందుకు జరుపుకుంది. "బాబుకు ఏ ఆట ఇష్టం?"

"ఫోను, మేడం."

"ఫోను కాకుండా?"

ధనుంజయ్ రుచిత వైపు చూశాడు, పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు వైపు చూసినట్టు.

"ఆమెను అడగట్లేదు. మిమ్మల్ని అడుగుతున్నా. దుకాణంలో రోజూ ఎంతమందితో మాట్లాడతారు?"

"లెక్కనే ఉండది మేడం!" అన్నాడు గొప్పగా. "నేను మాట్లాడితెనే గిరాకి."

"మరి వీడితో?"

ధనుంజయ్ కొడుకు వైపు చూశాడు. కొడుకు తండ్రి జేబులో ఉన్న ఫోన్ వైపు చూస్తున్నాడు.

"రోజూ ఒక గంట," అంది డాక్టరమ్మ. "ఫోన్ పక్కన పెట్టి, మీరే. వీడు మాట్లాడినా మాట్లాడకపోయినా మీరు మాట్లాడాలి."

"రేపటి సంది పక్కా మేడం!"

రుచితకు ఆ రేపు బాగా తెలుసు. వాళ్ళింట్లో కారే కుళాయి, ఊగే తలుపు, కాలిపోయిన బల్బు అన్నీ ఆ రేపు కోసమే ఎదురుచూస్తున్నాయి.

అయ్యలారా, అమ్మలారా, ప్రభుత్వం వారికి ఒక చిన్న మనవి. ఆ గానుగ బౌన్సరు వంటి వాళ్ళను జిల్లాకు కొంతమందిని పంపించండి. టీకాలు వేసే చోట ఒకణ్ణి, అంగన్‌వాడీ గుమ్మంలో ఒకణ్ణి, బళ్ళో పేరెంట్స్ మీటింగు రోజున ఇద్దరిని నిలబెట్టండి. 'తల్లులకు ఒంటరిగా ప్రవేశం లేదు' అని బోర్డు రాయించండి. పిల్లల పేర్లు, తరగతులు, రక్తం గ్రూపులు తండ్రులకు నోటికి రాకపోతే నన్నడగండి! ఒక గ్లాసు కోసం జోడీని వెతుక్కుని అంత దూరం పోయే మనిషి, ఇక్కడా గేటు మూస్తే కొడుకు కోసం పక్క వీధికి రాడా?

సరే, బారు సంగతికి వద్దాం. పొద్దు గూకేవేళకు ముగ్గురూ గానుగ గేటు ముందు దిగారు. ధనుంజయ్ తలెత్తుకుని, భార్య భుజానికి భుజం ఆనించి, బౌన్సరు ముందుకు నడిచాడు. పెళ్ళయ్యాక ఆమె పక్కన నడవడం అదే మొదలు. బౌన్సరు గేటు మీద చెయ్యి వేశాడు. అప్పుడు చంకలో అఖిలేష్ కనిపించాడు.

"సారీ సర్. పిల్లలు నాట్ అలౌడ్."

"చిన్నోడన్నా! వీడేం తాగుతడు? పాలు గూడ సక్కగ తాగడు."

"రూల్ సర్."

"గట్లయితే మా ఆమె పిలగాన్ని పట్టుకొని ఈడనే ఉంటది. నేను గిట్ల పోయి గట్ల వస్త."

"స్టాగ్స్ నాట్ అలౌడ్ సర్."

"మరెట్లన్నా?"

బౌన్సరు మంచివాడు. కాసేపు ఆలోచించి చెప్పాడు. "మేడం వెళ్ళొచ్చు. లేడీస్‌కు ఒక్కరున్నా ఎంట్రీ ఉంది."

లెక్క సరిచూసుకోండి. పిల్లలు లోపలికి పోకూడదు, కాబట్టి ఒకరు బయట ఉండాలి. తల్లి బయట ఉంటే తండ్రి ఒంటరివాడు, వాడూ పోకూడదు. ఇక మిగిలింది ఎవరు? రుచిత ఈ లెక్క ఇంట్లోనే, ఆ చివరి రూళ్ళు చదివిన రోజే చేసింది. చదువు ఆగిపోయింది కానీ లెక్కలు ఆగలేదు కదా. 'సర్వీసు మరీ లేటు' అని జనం తిట్టిపోసిన రివ్యూలను ఆమె అన్నిటికన్నా ఇష్టంగా, రెండోసారి కూడా చదివింది.

"ఇంత దూరం వచ్చి ఉత్తగనే పోతమా?" అంది అమాయకంగా. "నేను పోయి వీడియో తీస్కొస్త తీయి. రాజారామన్నకు మాటిచ్చినవు గద."

ధనుంజయ్ చాలాసేపు గేటు వైపు, కొడుకు వైపు, రాజారాంకు ఇచ్చిన మాట వైపు చూశాడు. "నీ ఫోన్ల మంచిగ రాదు. నాది తీస్కపో," అని తన ఫోన్ ఆమె చేతిలో పెట్టి, కొడుకును అందుకున్నాడు. "గానుగ మొత్తం రావాలె. జెల్ది రా!"

"సూస్త," అంది రుచిత.

మెట్లెక్కుతుంటే ఆమెకు భయమేసింది. బారును చూసి కాదు. రోడ్డు పక్కన పిల్లవాడు, పట్టుకున్నది ధనుంజయ్! అడుగడుగుకూ వెనక్కి చూసింది. కానీ ఆయన చేతిలో ఫోన్ లేదు. కళ్ళు కొడుకు మీద తప్ప ఇంకెక్కడ పెట్టుకుంటాడు?

లోపల గానుగ నిజంగానే వేలాడుతోంది. ఊదా రంగులో అది పెళ్ళికూతురి మేనత్తలా వెలిగిపోతోంది. రుచిత దాని కింది నుంచి నేరుగా నడిచి, రోడ్డు కనిపించే అద్దం పక్క కుర్చీలో కూర్చుంది. నూలు చీర చూసి ఎవరూ నవ్వలేదు. పైగా ఒకబ్బాయి వచ్చి వంగి, "ఏం తీసుకుంటారు మేడం?" అన్నాడు.

"ఏది లేటైతదో గది తేండి."

కింద ధనుంజయ్ మొదట గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత జేబులు తడుముకున్నాడు. తర్వాత కొబ్బరిబొండాల బండి పక్కన అరుగు మీద కూలబడ్డాడు. అఖిలేష్ తండ్రి షర్టు పట్టి గుంజి రోడ్డు వైపు వేలు చూపించాడు. ధనుంజయ్ ఏదో అన్నాడు. పిల్లవాడు మళ్ళీ గుంజాడు. ధనుంజయ్ మళ్ళీ ఏదో అన్నాడు, ఈసారి కాస్త పెద్దగా, చేతులు తిప్పుతూ, దుకాణంలో గిరాకికి కొత్త ఫోన్ సంగతులు చెప్పినట్టు.

రుచిత ఫోన్ తీసి వీడియో పట్టింది. గానుగది కాదు.

ఇక మీకు తీర్పు కావాలి కదా! ఆ బారు చూడదగ్గదేనా? చూడదగ్గదే. పిల్లలున్న తల్లులు తప్పకుండా చూడాలి. చెరకు రసం పల్చన, పుదీనా వాడిపోయింది, మ్యూజిక్‌కు తల పగులుతుంది. అయినా సరే, మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళండి. ఆయన బయట ఉండేలా చూసుకోండి.

గ్లాసు ఖాళీ అయింది. ఆ అబ్బాయి బిల్లు పట్టుకొచ్చాడు. "ఇంకేమైనా కావాలా మేడం?"

రుచిత అద్దంలోంచి కిందికి చూసింది. ధనుంజయ్ రోడ్డు మీద పోతున్న దేన్నో చూపిస్తున్నాడు. అఖిలేష్ తల అడ్డంగా ఊపి, కాలు నేలకేసి కొట్టి, నోరంతా తెరిచి ఏదో గట్టిగా చెబుతున్నాడు. ధనుంజయ్ కాదంటున్నాడు. వాడు అవునంటున్నాడు. ఆ నోట్లో కదిలేది అమ్మో, బువ్వో, బస్సో కాదు, అంతకన్నా పొడుగ్గా ఉంది. ఒక్క ముక్క కూడా ఆమెకు వినబడలేదు.

"మెనూ ఇంకోసారి ఇయ్యన్నా," అంది.