పీటీ పీరియడున మూషికనిగ్రహము

మా వారి మీద నాకు పెద్ద ఫిర్యాదులేవీ లేవు. ఉన్నది ఒక్కటే: ఆయనకు ఫోను చదువుట వచ్చును. లోకములో తక్కిన భర్తలు ఫోనులో క్రికెట్టు చూచి ఊరకుందురు. మా గౌరీశంకర్ గారు మాత్రము, ఎక్కడో మంచు కురియు దేశమున బడిపిల్లలకు వ్యాయామ తరగతిలోనే వేట విద్య నేర్పుదురని చదివి, ఇడ్లీ నోట నుండగానే లేచి, "మన జంషెడ్‌పూర్ పిల్లలు ఏం తక్కువ తిన్నారే?" అని గర్జించిరి.

"వేటాడితే జైల్లో పెట్టే దేశంలో వేట పాఠం ఏమిటండీ?" అన్నాను.

"వేట కాదే. వేటలో సేఫ్టీ!"

కాంట్రాక్టు పనుల మీద సేఫ్టీ సూపర్‌వైజరుగా పదునారేండ్లు తపమొనర్చిన పురుషునకు, హెల్మెట్టు లేక జరుగదగిన కార్యము ఈ భూమండలమున ఒక్కటియు లేదు. నేను చట్నీ వడ్డించి ఊరకుంటిని. ఊరకుండుట నా అపరాధము.

వినుడు, మా పేట బారిడీహ్ వాసులారా! సువర్ణరేఖాతీరమున, ధూమనాళపరంపరావిరాజితమై, షిఫ్టు సైరనుల శంఖారావమున మేల్కొను లోహనగరమున, ఫాల్గుణ మాసపు బుధవారమున, మూడవ పీరియడు గంట మ్రోగిన శుభలగ్నమున, తొమ్మిదవ తరగతి బాలికాసేన తమ పాఠశాల ఆటవస్తువుల గది ఎదుట బారులు తీరెను. ఆ గదిలో ఒక ఎలుక గలదు. అది సామాన్య మూషికమా? వాలీబాలు వలలో మూరెడు భుజించి, స్కిప్పింగు తాళ్ళను ఫలహారముగా స్వీకరించి, హైజంపు పరుపు దూదిలో అంతఃపురము నిర్మించుకొనిన నిశితదంతాయుధుడు, దీర్ఘవాలుడు, నిర్భయుడు!

ప్రిన్సిపాలు అర్పితా మేడమ్ సోమవారమే శాసనము వెలువరించియుండెను: బుధవారమునకు ఎలుక పోనిచో గదికి తాళము; పరీక్షలు ముగియువరకు పీటీ పీరియడు లెక్కల మాస్టారి పరము. మా అమ్మాయి ప్రియ వాలీబాలు జట్టున నున్నది. శనివారము టెల్కో కాలనీ పిల్లలతో పోటీ. అన్నము మానుమన్న మానునుగాని, ఆ బంతిని మానదు. ఆ సంగతి మా వారికిని తెలియును. కావుననే, "ఎలుకను పట్టడమే మొదటి పాఠం" అని తామే బడికి పోయి అనుమతి సంపాదించిరి.

"పప్పా, ప్లీజ్, మత్ ఆవో! సబ్ హసేంగే!" అని ప్రియ వేడుకొనెను. రావలదు, అందరూ నవ్వుదురని పిల్ల మొర పెట్టినను, వీరులకు చెవులు హెల్మెట్టు పట్టీల క్రింద నుండును.

అంతట మా వారు పచ్చ జాకెట్టు ధరించి, ఉక్కు ముక్కు బూట్లు తొడిగి, మెడలో ఈల వ్రేలాడ, హస్తమున టార్చి మెరయ, సేనాముఖమున నిలిచి ఇట్లు పలికిరి:

"ఓ విద్యార్థినీ వీరాంగనలారా! అరణ్యమున సింహము నెదిరించు వాడు శూరుడు కాడు. ఎదిరించుటకు ముందు గ్లవ్సు తొడిగిన వాడే శూరుడు! శత్రువు గదిలో నున్నాడు. ప్రమాదము మీ అజాగ్రత్తలో నున్నది!"

బాలికలు ముప్పదిమంది. హెల్మెట్లు పద్దెనిమిది. హెల్మెట్టు లేని పన్నెండుగురు సున్నపు గీత దాటరాదని ఆజ్ఞ. పిదప తలల లెక్క. పిదప ఎవరికైన కళ్ళు తిరుగునా యను విచారణ. పిదప ఆపద వచ్చిన కూడవలసిన చోటు వేపచెట్టు క్రింద నని నిర్దేశము. పిదప పని అనుమతి పత్రము. దానిపై ఎలుక సంతకము తప్ప అన్ని సంతకములును పడెను. కడపట కుడి చేతులు చాచి, కంఠములు పగుల, హిందీలో భద్రతా ప్రతిజ్ఞ. ఈల పని చేయుచున్నదో లేదో అని మూడు పరీక్షలు.

ఇంత కోలాహలమును ఎలుక పరుపులో పవళించి ఆలకించుచుండెను. అది చెవిటిదని మా వారికెవరు చెప్పిరో!

పీటీ టీచరు మార్తా గడియారము చూచుకొనెను. "అన్నయ్యగారూ, ముప్పై నిమిషాలైపోయాయండీ. ఇంక పదే ఉన్నాయి."

"మార్తమ్మా, తొందరపడితే ఆడిట్లో దొరికిపోతాం!"

అని పలికి, దీర్ఘమైన ఈల ఊదుచు, మా వారు ఏకాకియై ద్వారము ప్రవేశించిరి. ఆ ఈలకు మూషికేంద్రుడు పరుపు వీడి, అలమర క్రింద దూరి, మరల వెలువడి, ఆ ఉక్కు బూటు మీదుగా, రాజవీథిని రథము వోలె, సాగిపోయెను. బూటులోని ఉక్కు చలింపలేదు. బూటులోని మనిషి పరుపుల గుట్టపై నుండెను. ఎట్లెక్కిరో చూచిన వారు లేరు. ఈల మాత్రము ఆగలేదు. వెలుపల ముప్పది కంఠములు కేకలు వేసెను. లోపల ఎలుక మరల అలమర చాటున మాయమయ్యెను.

ముప్పదియైదవ నిమిషమున, ఆయా చిలకమ్మ చీపురుతో అరుదెంచెను. శ్రీకాకుళము వైపు మనిషి. ఇరువదేండ్లుగా ఈ బడి గదులూడ్చు ధీర.

"ఏటి బాబూ ఈ గోల? ఊరంతా సాటింపేసి ఎలకని పడతారేటి? మీరు దిగకండి, అక్కడే కూకోండి. ఆ ఈల ఇటియ్యండి."

ఈల ఆమె కొంగు ముడిలోనికి పోయెను.

"పిల్లలూ, నోరు మూసుకోండి. ఎలక గది నడిమిన ఎల్లదు. గోడ ఒరుసుకొని ఎల్తాది. ప్రియమ్మా, ఈ గోనె మూతి గోడకి ఆనించి పట్టుకో. కదలకు."

ప్రియ పట్టుకొనెను. నిశ్శబ్దము. ముప్పదిమంది ఊపిరి బిగబట్టి, గోడ యేది, దారి యేది, గాలి యెటు అని తొలిసారి చూచిరి. చిలకమ్మ అలమర రెండవ వైపున చీపురు కట్టతో మెల్లగా రెండు మారులు తట్టెను. నిశితదంతాయుధుడు గోడ వెంట సర్రున వచ్చి, గోనెలోనికి, తన ఇంటిలోనికి వలె, ప్రవేశించెను.

"గోడవతల తుప్పల్లో ఒగ్గేసి వత్తన్నాను" అని, మూతి బిగించి, ఆమె పోయి వచ్చెను. అంతయు రెండు నిమిషములు.

అప్పుడే అర్పితా మేడమ్ వేంచేసి, సంచిని కానక, జాకెట్టును మాత్రమే కని, "షాబాష్ గౌరీశంకర్‌జీ! కోర్సు సూపర్! ఇక ప్రతి బుధవారమూ పీటీలో ఇదే పెడదాం. వాలీబాల్ తరువాత చూసుకోవచ్చు" అని హిందీలో ప్రశంసించెను.

ప్రియ మోము వెలవెలపోయెను. అది తండ్రి వంక చూచెను. పరుపుల గుట్ట దిగుచున్న ఆ మహావీరుని హృదయమున, పదునారేండ్లలో ఏ మేనేజరును చేయని ప్రశంస ఒక వైపునను, చేత గోనె మరకతో నిలిచిన కూతురు మరొక వైపునను మోహరింపగా, కురుక్షేత్రమునకన్న ఘోరమైన సంగ్రామము అర నిమిషము సాగెను.

జయము! తన కోర్సు పాలు కానున్న బుధవారములను, ఆ పూటకు మిగిలిన రెండున్నర నిమిషముల వాలీబాలును గెలిచి, కూతురి చేత బెట్టిన ఆ వీరుడు, హెల్మెట్టు తీసి, హిందీ మరచి, మేడమునకు మార్తా తర్జుమా చేయుచుండగా, అందరు వినునట్లు తెలుగుననే పలికిరి:

"నేను పట్టలేదు మేడమ్. చిలకమ్మ పట్టింది. ముప్పై అయిదు నిమిషాలు ఆ ఎలుకను నేను కాపాడాను, అంతే. తప్పు నాదే."